సైలెన్సర్‌లో జాలీ ఎవరి కోసం? పాత మారుతి 800 కింద దొరికిన వందేళ్ల పొగ చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక ఇనుప గొట్టం ఉంది. మా నాన్న కారు కింద, ఇంజిన్ దగ్గర మొదలై డిక్కీ కింద తేలే పొగ గొట్టం. దాని చరిత్ర చెప్పాలంటే ముందు నేను చేసిన ఒక తప్పు ఒప్పుకోవాలి.

మాది విజయవాడ. నాన్న దగ్గర 2004 మోడల్ మారుతి 800 ఉంది. తెల్లది. ఇప్పటికీ ఉంది. 2017లో నేను బీటెక్ సెకండియర్. కారు పికప్ బాగా పడిపోయింది. ఫ్లైఓవర్ ఎక్కాలంటే సెకండ్ గేర్‌లో ఏడుస్తోంది. నాన్న డ్యూటీలో ఉన్నాడు కాబట్టి నేనే ఆటోనగర్‌లో ఒక షెడ్డుకి తీసుకెళ్లాను. అక్కడ మేస్త్రీ బాబాయ్ కింద పడుకుని చూసి, రెంచితో గొట్టం మీద నాలుగు దెబ్బలు కొట్టి, "లోపల జాలీ మూసుకుపోయింది అబ్బాయ్, ఇంజిన్‌కి ఊపిరాడట్లేదు" అన్నాడు. కొత్తది ఎంత బాబాయ్ అంటే కంపెనీ పార్టు రేటు చెప్పాడు. అప్పటికి ఆ కారు అమ్మితే వచ్చే డబ్బులో దాదాపు నాలుగో వంతు. నా మొహం చూసి తనే అన్నాడు, "అది ఉన్నా లేకపోయినా బండికేం తేడా ఉండదు. కోసేసి సాదా పైపు వెల్డింగ్ పెట్టేస్తా. మైలేజీ కూడా పెరుగుద్ది. పైపు డబ్బులు కూడా వద్దులే, పాతది నాకొదిలెయ్."

గంటలో పని అయిపోయింది. కారు నిజంగానే పరిగెత్తింది. శబ్దం కూడా కొంచెం గంభీరంగా వచ్చేసరికి నాకు ఇంకా నచ్చింది. నాన్నకి "సైలెన్సర్ బాగుచేయించాను" అని మాత్రమే చెప్పాను.

ఇప్పుడు ఆ మాట దగ్గర ఆగుదాం. "బండికేం తేడా ఉండదు." అది అబద్ధం కాదు. ఆ జాలీ బండి కోసం పెట్టింది కాదు. మరి ఎవరి కోసం పెట్టారు? ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ప్రశ్న గురించే.

మొదట సైలెన్సర్ సంగతి.

మనం పొగ గొట్టం మొత్తాన్నీ కలిపి సైలెన్సర్ అనేస్తాం. నిజానికి అందులో రెండు వేర్వేరు పనులు చేసే రెండు వస్తువులు ఉంటాయి. ఒకటి శబ్దాన్ని తగ్గించే డబ్బా. రెండోది పొగలో విషాన్ని తగ్గించే జాలీ. ఈ రెంటికీ మధ్య చాలా దశాబ్దాల దూరం ఉంది.

శబ్దం డబ్బా ముందు వచ్చింది. అమెరికాలో ఇండియానా రాష్ట్రం, కొలంబస్ అనే ఊరు. అక్కడ మిల్టన్ రీవ్స్, మార్షల్ రీవ్స్ అనే అన్నదమ్ములు 1897లో ఇంజిన్ పొగ గొట్టానికి మఫ్లర్ పేటెంట్ తీసుకున్నారు. రోడ్ల మీద ఇంకా గుర్రాలే ఎక్కువగా ఉన్న కాలం అది. ఇంజిన్ సిలిండర్‌లో ఒక్కో పేలుడుకీ పొగ ఒక్కసారిగా బయటికి తన్నుకొస్తుంది. ఆ తన్నే మన చెవికి శబ్దం. దాన్ని గదులు గదులుగా ఉన్న డబ్బాలోకి పంపి, తిప్పి, చల్లార్చి వదిలితే తన్ను మెత్తబడుతుంది. సూత్రం ఇంతే. ఇవాళ్టికీ అదే.

సైలెన్సర్ అనే మాటతో ఇంకో తమాషా ఉంది. హైరమ్ మాక్సిమ్ అనే ఆయన మెషిన్ గన్ కనిపెట్టాడు. ఆయన కొడుకు హైరమ్ పెర్సీ మాక్సిమ్ తుపాకికి సైలెన్సర్ కనిపెట్టి 1909లో పేటెంట్ తీసుకున్నాడు. అదే సూత్రంతో ఇంజిన్లకి కూడా చేశాడు. తండ్రి చేసిన శబ్దాన్ని కొడుకు తగ్గించాడన్నమాట. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో మా ఇంట్లో తండ్రీకొడుకుల దగ్గరికి వస్తాం. మా కేసు దానికి రివర్స్.

ఇక విషం కథ.

1943 జులైలో లాస్ ఏంజెలెస్ నగరం మీద ఒకరోజు గోధుమరంగు మబ్బు దిగింది. కళ్లు మండాయి, గొంతులు పట్టేశాయి. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది కాబట్టి కొందరు జపాన్ వాళ్లు గ్యాస్ వదిలారనుకున్నారు. ఏ శత్రువూ రాలేదు. కానీ మబ్బు మళ్లీ మళ్లీ వచ్చింది. అది ఎక్కడిదో తేల్చింది ఆరీ హాగెన్-స్మిట్ అనే డచ్ కెమిస్ట్. కాల్టెక్‌లో ప్రొఫెసర్. అప్పటిదాకా ఆయన పని ఏంటంటే అనాసపండుకి ఆ వాసన ఎలా వస్తుందో పరిశోధించడం. అదే నేర్పుతో నగరం గాలిని పట్టి పరీక్షించాడు. 1950ల మొదట్లో తేల్చి చెప్పాడు: కార్ల పొగలో సగం కాలిన పెట్రోలు ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఉంటాయి. అవి ఎండలో ఉడికి ఓజోన్‌గా మారుతున్నాయి అని. అంటే శత్రువు పొద్దున్నే ఎవరి షెడ్డులోంచి వాళ్లు తీసుకొచ్చేదే.

ఇది చదివి కదిలిన మనిషి యూజీన్ హూడ్రీ. ఫ్రాన్స్ నుంచి అమెరికా వచ్చిన ఇంజనీర్, కార్ రేసులంటే పిచ్చి. ముడి చమురు నుంచి మంచి పెట్రోలు తీయడానికి ఉత్ప్రేరకాన్ని వాడే పద్ధతి ఆయనదే. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రదేశాల విమానాలకి కావలసిన పెట్రోలు చాలా మటుకు ఆ పద్ధతిలోనే వచ్చింది. ఉత్ప్రేరకం అంటే టెన్త్‌లో చదువుకున్నాం కదా. తను ఖర్చవకుండా పక్కనున్నవాటి మధ్య రసాయన చర్యని తొందరపెట్టేది. పెళ్లిళ్ల పేరయ్య లాంటిదన్నమాట. సంబంధం కుదురుస్తాడు, తను పెళ్లి చేసుకోడు. హూడ్రీ ఆలోచన ఏంటంటే, పెట్రోలు తయారీలో వాడే ఈ ఉత్ప్రేరకాన్ని పొగ గొట్టంలో కూడా పెడితే? సగం కాలినవి అక్కడ పూర్తిగా కాలిపోతాయి కదా? 1950ల్లోనే పేటెంట్ తీసుకున్నాడు. గోడౌన్లలో తిరిగే ఫోర్క్‌లిఫ్ట్ బండ్లకి పెట్టి చూపించాడు కూడా.

కానీ రోడ్డు మీది కార్లలో అది బతకలేదు. ఎందుకంటే పెట్రోల్లో సీసం ఉంది.

ఇక్కడ ఒక ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. 1921 డిసెంబర్‌లో జనరల్ మోటార్స్‌లో పనిచేసే థామస్ మిడ్జ్‌లీ, పెట్రోల్లో టెట్రా ఇథైల్ లెడ్ అనే సీసపు పదార్థం కొంచెం కలిపితే ఇంజిన్ కొట్టుకోవడం ఆగిపోతుందని కనుక్కున్నాడు. మన మెకానిక్కులు "నాకింగ్" అంటారే, అదే. 1923లో ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో అమ్మకం మొదలైంది. పేరు "ఇథైల్". సీసం అనే మాట పేరులో లేదు. సీసం విషమని రోమన్ల కాలం నుంచీ లోకానికి తెలుసు కదా మరి.

1924 అక్టోబర్‌లో న్యూజెర్సీలో ఈ పదార్థం తయారుచేసే ప్లాంట్‌లో పనివాళ్లకి పిచ్చెత్తినట్టయింది. ఐదుగురు చనిపోయారు. అదే నెలాఖరులో మిడ్జ్‌లీ పత్రికల వాళ్లని పిలిచి, వాళ్ల ముందు ఆ ద్రవంతో చేతులు కడుక్కుని, సీసా ముక్కు దగ్గర పెట్టుకుని నిమిషం సేపు వాసన చూశాడు. ప్రమాదం లేదని చూపించడానికి. అదే మనిషి అంతకుముందు ఏడాది సీసం ఒంట్లో చేరి, పని మానేసి విశ్రాంతి తీసుకోవాల్సి వచ్చింది. ఆ సంగతి ఆరోజు చెప్పలేదు.

తర్వాత నలభై ఏళ్లు ఎవరూ గట్టిగా అడగలేదు. అడిగినవాడు క్లెయిర్ ప్యాటర్సన్. ఆయన భూమి వయసు లెక్కగట్టిన శాస్త్రవేత్త. 1956లో 455 కోట్ల ఏళ్లు అని ప్రచురించింది ఆయనే. ఆ లెక్క కోసం రాళ్లలో సీసాన్ని కొలవాలి. కొలుస్తుంటే ప్రతిసారీ ఎక్కువ వస్తోంది. గదిలో దుమ్ములో సీసం, జుట్టులో సీసం, బట్టల మీద సీసం. చివరికి గది మొత్తాన్నీ ఆసుపత్రి కన్నా శుభ్రంగా చేస్తే తప్ప లెక్క తేలలేదు. అప్పుడు ఆయనకి వచ్చిన అనుమానం: ఇంత సీసం ఎక్కడినుంచి వస్తోంది? 1965లో రాశాడు, ఇప్పటి మనిషి ఒంట్లో సీసం సహజంగా ఉండాల్సినదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువని. చమురు పరిశ్రమ నుంచి వచ్చే పరిశోధన నిధులు ఆగిపోయాయి. ఆయన ఆగలేదు.

ఇప్పుడు రెండు దారులూ కలిసే చోటు.

1970 డిసెంబర్ 31న అమెరికాలో క్లీన్ ఎయిర్ చట్టం మీద నిక్సన్ సంతకం పెట్టాడు. 1975 మోడల్ కార్ల నాటికి కార్బన్ మోనాక్సైడ్, కాలని పెట్రోలు ఆవిరి 90 శాతం తగ్గాలని అందులో ఉంది. కార్ల కంపెనీలు మావల్ల కాదన్నాయి. గడువు కొంత జరిగింది. కానీ దారి ఒక్కటే కనిపించింది, హూడ్రీ ఆలోచన. ఆ ఉత్ప్రేరకం ప్లాటినం, పల్లాడియం లాంటి లోహాలు. సీసం తగిలితే వాటి మీద పూత లాగా పేరుకుపోయి చంపేస్తుంది. కాబట్టి సీసం లేని పెట్రోలు కావాలి. ఈ మాట 1970లో గట్టిగా అన్నది ఎవరో తెలుసా? ఎడ్వర్డ్ కోల్, జనరల్ మోటార్స్ ప్రెసిడెంట్. సీసం కలపడం కనిపెట్టిన కంపెనీయే, యాభై ఏళ్ల తర్వాత, సీసం తీసేయండి అంది. జనం ఆరోగ్యం కోసం కాదు, తన కార్లో కొత్తగా పెట్టాల్సిన జాలీ పాడవుతుందని!

1974 నుంచి అమెరికా బంకుల్లో సీసం లేని పెట్రోలు అమ్మడం తప్పనిసరి అయింది. 1975 మోడల్ కార్లలో చాలావాటికి కన్వర్టర్లు వచ్చాయి. కార్నింగ్ కంపెనీలో ముగ్గురు ఇంజనీర్లు సిరామిక్‌తో తేనెపట్టు లాంటి దిమ్మె చేశారు. చిన్న చిన్న గళ్లు, గళ్ల గోడల మీద లోహం పూత. మన మేస్త్రీ బాబాయ్ "జాలీ" అన్నది దాన్నే. ఆ తర్వాత ఎంగెల్‌హార్డ్ కంపెనీలో జాన్ మూనీ, కార్ల్ కీత్ బృందం మూడు విషాలనీ ఒకే దిమ్మెలో పట్టే పద్ధతి తెచ్చింది. కార్బన్ మోనాక్సైడ్‌ని కార్బన్ డయాక్సైడ్ చేస్తుంది, పెట్రోలు ఆవిరిని కాల్చేస్తుంది, నైట్రోజన్ ఆక్సైడ్లని మళ్లీ మామూలు నైట్రోజన్‌గా విడగొడుతుంది. దీనికి ఒక షరతు. ఇంజిన్‌లోకి ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ల గాలి, బరువు లెక్కలో, దాదాపు కచ్చితంగా పోవాలి. అది చూసుకోవడానికే పొగ గొట్టంలో ఆక్సిజన్ సెన్సర్. సెన్సర్ చెప్తుంది, కంప్యూటర్ పెట్రోలు సర్దుతుంది.

ఇక ఫలితం వినండి. 1970ల చివర్లో అమెరికన్ల రక్తంలో సగటున డెసిలీటరుకి 12.8 మైక్రోగ్రాముల సీసం. 1990ల మొదట్లో 2.8. దాదాపు 78 శాతం తగ్గింది. ఇందులో పెద్ద వాటా పెట్రోలు నుంచి సీసం పోవడానిదే. ఎవరి కారులో జాలీ కాపాడడానికో చేసిన పని, ఎక్కడో మెట్రిక్యులేషన్ చదివే పిల్లాడి మెదడుని కాపాడింది. చరిత్రలో మంచి ఇలా పక్కదారిన కూడా వస్తుంది.

అయితే కథ ఇక్కడ సుఖాంతం కాలేదు. ఎందుకంటే కార్లు పాతబడతాయి.

కొత్త కారు కంపెనీ చేతిలో ఉంటుంది. పాత కారు మన చేతిలో ఉంటుంది. అమెరికాలో సీసం లేని పెట్రోలు కొంచెం ఎక్కువ రేటు. తప్పు పెట్రోలు పోయకుండా కొత్త కార్ల ట్యాంకు మూతి సన్నగా చేశారు, సీసం పెట్రోలు గన్ దూరకుండా. జనం ఏం చేశారు? గరాటా పెట్టి పోశారు. కొందరు మూతినే పెద్దది చేసేశారు. కన్వర్టర్ చచ్చింది, మూసుకుపోయింది, పికప్ పడిపోయింది. అప్పుడు మెకానిక్ దగ్గరికి వెళ్తే, అది కోసి సాదా గొట్టం పెట్టాడు. చూశారా? ఆటోనగర్‌లో నాకు జరిగింది అమెరికాలో నాకు నలభై ఏళ్ల ముందే జరిగింది. ఆ బాబాయ్ కొత్తగా కనిపెట్టిందేం లేదు.

అక్కడి చట్టం ఈ చేతుల్ని ఒక్కొక్కటిగా పట్టుకుంటూ వచ్చింది. మొదట కంపెనీలు, డీలర్లు తీయకూడదు అంది. 1977 సవరణతో రిపేరు షాపులు కూడా తీయకూడదు అంది. 1990 సవరణతో బండి ఓనర్ సహా ఎవరూ తీయకూడదు అంది. కానీ వద్దంటే సరిపోదు కదా. కంపెనీ పార్టు కొనలేనివాడు ఏం చేయాలి? అందుకని 1986లో అక్కడి పర్యావరణ సంస్థ పాత కార్లకి బయటి కంపెనీల కన్వర్టర్లు పెట్టుకోవచ్చంది, షరతులతో. గొట్టం, డబ్బా 5 ఏళ్లు లేదా 50,000 మైళ్లు నిలవాలి. పొగ శుభ్రం చేసే పని కనీసం 25,000 మైళ్లు చేయాలి. కంపెనీ పార్టు అంత గొప్పగా ఉండక్కర్లేదు, కానీ ఖాళీ గొట్టం మాత్రం కాకూడదు. నాకు ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికన్నా తెలివైన పని ఇదే అనిపించింది. చేయకూడదు అని చెప్పి ఊరుకోకుండా, మధ్యతరగతివాడికి చేయగలిగేది ఒకటి చూపించింది.

ఇక మన దగ్గరికి వద్దాం.

1985లో ఎం.సి. మెహతా అనే న్యాయవాది ఢిల్లీ వాహనాల పొగ మీద సుప్రీంకోర్టుకెక్కారు. ఆ కేసు ఏళ్ల తరబడి నడిచింది. 1995 ఏప్రిల్ 1 నుంచి ఢిల్లీ, ముంబై, కలకత్తా, చెన్నైలలో అమ్మే కొత్త పెట్రోలు కార్లకి క్యాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి అయింది. సీసం లేని పెట్రోలూ వాటితో పాటే వచ్చింది. రెండూ జంటగానే రావాలి, ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు. హైదరాబాద్ ఆ నాలుగింటిలో లేదు. తర్వాత 1998లో మరిన్ని నగరాలకి వచ్చింది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం పెట్రోలు ఆగింది. ప్రపంచంలో చివరిగా ఆపిన దేశం అల్జీరియా, 2021లో. అంటే మిడ్జ్‌లీ కనిపెట్టాక సరిగ్గా వందేళ్లు.

మారుతి 800 ఈ కథంతా చూసిన కారు. 1983 డిసెంబర్‌లో ఇందిరాగాంధీ మొదటి కారు తాళాలు ఇచ్చినప్పుడు దానికి కార్బ్యురేటర్, సీసం పెట్రోలు, ఖాళీ గొట్టం. మా నాన్న 2004లో కొన్నదానికి ఫ్యూయెల్ ఇంజెక్షన్, ఆక్సిజన్ సెన్సర్, కన్వర్టర్. అదే 796 సీసీ, అవే మూడు సిలిండర్లు. మారినదంతా కింద, కనపడని చోట. 2014లో తయారీ ఆగిపోయింది. మా ఇంట్లోది మాత్రం 2017లో నా పుణ్యమా అని మళ్లీ 1983కి వెళ్లిపోయింది.

2019లో 15 ఏళ్లు నిండి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్లాం. పొల్యూషన్ సర్టిఫికెట్ కావాలి. ఒక చోట గొట్టంలో ప్రోబ్ పెట్టకుండానే, నంబర్ ప్లేట్ ఫొటో తీసుకుని చీటీ ఇచ్చేశారు. నాకు హాయిగా అనిపించింది. 2024లో మళ్లీ ఐదేళ్ల రెన్యువల్. ఈసారి దొరికినతను కుర్రాడు, బుద్ధిగా ప్రోబ్ పెట్టాడు. ఈ తరం కారుకి ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం దాటకూడదు. మాది 2.3. "సార్, దీంట్లో కన్వర్టర్ ఉందా?" అన్నాడు. నాన్న పక్కనే ఉన్నాడు. "కంపెనీ బండి బాబూ, ఉండకుండా ఎలా ఉంటుంది" అన్నాడు.

నేను కిందకి చూశాను.

ఒక సంగతి చెప్పాలి. మా పోర్టికో పక్కనే నాయనమ్మ గది. నాన్న రోజూ పొద్దున్నే కారు స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఆన్‌లో ఉంచేవాడు, పాతకాలం అలవాటు. 2017 తర్వాత నాయనమ్మ "పొగ కంపు కొడుతోందిరా" అని కిటికీ మూయించుకునేది. వయసు, చాదస్తం అనుకున్నాం. 2022లో ఆవిడ పోయింది. ఆయాసం ఎప్పటినుంచో ఉంది, అది గొట్టం వల్ల అని నేను అనడం లేదు. నిజం చెప్పాలంటే కన్వర్టర్ ఉన్నా మొదటి ఒకటి రెండు నిమిషాలు అది పనిచేయదు. దాదాపు 250, 300 డిగ్రీలు వేడెక్కితేనే మేలుకుంటుంది. కాబట్టి లెక్క ఎటూ తేలదు. కానీ మిగతా మూడు నిమిషాలు నావి. అయిదేళ్ల పాటు రోజుకి మూడు నిమిషాలు. ఇంజనీర్‌ని కదా, గుణించడం ఆపలేకపోయాను.

సరే, మార్పించాం. పాత కారు ఉన్నవాళ్ల కోసం ఏం నేర్చుకున్నానో చెప్తాను.

మొదటిది, జాలీ ఊరికే చావదు. ముందు ఎందుకు చచ్చిందో పట్టుకోవాలి. మా కారులో ఒక స్పార్క్ ప్లగ్ సరిగ్గా వెలగడం లేదు. కాలని పెట్రోలు పోయి జాలీలో కాలి, అక్కడ వేడికి సిరామిక్ కరిగింది. 2017లో ఆ ప్లగ్ మార్చి ఉంటే ఇదంతా లేదు. ఇంజిన్ ఆయిల్ తాగుతున్నా, మిస్ కొడుతున్నా కొత్తది కూడా చస్తుంది.

రెండోది, బయటి కంపెనీ కన్వర్టర్ కొనేటప్పుడు ఇంజిన్ సీసీకి, మీ కారు ఎమిషన్ స్టేజీకి సరిపోతుందో అడగండి. లోపల జాలీ కనిపించాలి, టార్చి వేస్తే గళ్లలోంచి వెలుతురు రావాలి. మరీ చవకైతే లోపల లోహం పూత పేరుకే ఉంటుంది.

మూడోది బిగింపు. తుప్పు పట్టిన బోల్టులకి ముందు రోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టి వదిలేయండి. పాత గ్యాస్కెట్ మళ్లీ వాడొద్దు. రబ్బర్ హ్యాంగర్లు పగిలితే మార్చండి, లేకపోతే బరువంతా వెల్డింగు మీద పడుతుంది. గొట్టాలన్నీ ముందు వదులుగా తగిలించి, వరస సరిచూసుకుని, అప్పుడు ఇంజిన్ వైపు నుంచి వెనక్కి బిగించుకుంటూ రండి. చివరికి ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి, గొట్టం మూతికి గుడ్డ అడ్డం పెట్టి ఒక్క క్షణం చూడండి. జాయింట్ల దగ్గర బుస్సుమంటే లీకు. సెన్సర్‌కి ముందు లీకు ఉంటే బయటి గాలి దూరి సెన్సర్‌ని మోసం చేస్తుంది. కంప్యూటర్ పెట్రోలు తక్కువైందనుకుని ఎక్కువ పోస్తుంది. ఆ ఎక్కువే మళ్లీ జాలీని చంపుతుంది. ఇంకోటి, లీకు పొగ కార్లోకి దూరితే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. అది ప్రాణం మీదికి వస్తుంది.

నాలుగోది, జాలీ తీస్తే మైలేజీ పెరుగుతుంది అన్నది. మూసుకుపోయిన జాలీ తీస్తే పెరుగుతుంది, నిజమే. ముక్కు మూసుకున్నవాడు నోరు తెరిచినట్టు. బాగున్న జాలీ తీస్తే అలాంటి లాభం ఉండదు. ఆ రోజు "పాతది నాకొదిలెయ్" అన్నారే, అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి. 2021లో రోడియం ఔన్సు దాదాపు 29,000 డాలర్లకి వెళ్లింది. నాకు పైపు ఉచితంగా రాలేదు, నా తెలివితక్కువతనానికి ఎవరో ఖరీదు కట్టారు. బాబాయ్‌ని తిట్టను. అడిగింది నేను, తలూపింది నేను.

కొత్తది పెట్టాక రీడింగ్ 0.3. పికప్‌లో నాకు ఏ తేడా తెలియలేదు. ఆ బాబాయ్ అన్నది అక్షరాలా నిజం, బండికేం తేడా ఉండదు.

ఆ రాత్రి నాన్నకి మొత్తం చెప్పాను, 2017 నుంచి. కిటికీ సంగతి కూడా. చాలాసేపు ఏమీ అనలేదు. "అప్పుడు నాతో చెప్తే డబ్బులిచ్చేవాణ్ణి కదరా" అన్నాడు. అంతే. నాయనమ్మ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

కార్లో చాలా భాగాలు లోపల కూర్చున్నవాడి కోసం ఉంటాయి. సీటు బెల్టు, ఏసీ, మ్యూజిక్ సిస్టం. ఈ జాలీ ఒక్కటి మాత్రం వెనక వచ్చేవాడి కోసం. స్కూటీ మీద వచ్చే ఆవిడ కోసం, సిగ్నల్ దగ్గర టిఫిన్ బండి పెట్టుకున్నాయన కోసం, కిటికీ పక్కన మంచం మీద పడుకున్నవాళ్ల కోసం. అందుకే దాన్ని తీసేయడం అంత సులువు. తీసినవాడికి నష్టం కనపడదు. అందుకే దాన్ని పెట్టించడానికి హాగెన్-స్మిట్, ప్యాటర్సన్, హూడ్రీ, మెహతా, ఇంతమంది జీవితాలు పట్టాయి. నాకు తీయించడానికి గంట పట్టింది.

ఇప్పుడు నాన్న పోర్టికోలో కారు స్టార్ట్ చేయడు. గేటు తీసి, న్యూట్రల్‌లో వేసి, నన్ను లేపి తోయమంటాడు. రోడ్డు మీదికి వచ్చాక అద్దంలో వెనక ఎవరన్నా ఉన్నారేమో చూసి, అప్పుడు తాళం తిప్పుతాడు, వెంటనే బయలుదేరిపోతాడు. ఆ గదిలో ఇప్పుడు ఎవరూ ఉండరు. కిటికీ మాత్రం తెరిచే ఉంటుంది.

ఇదండీ ఈ వారం కథ. మీ ఇంట్లో కూడా పాత కారు ఉంటే, ఒకసారి కిందకి వంగి చూడండి.